షుగర్ ఎక్కువుంటే మాత్ర తగ్గిస్తారా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మా అమ్మకు 67 ఏళ్లు. షుగర్ వచ్చి 16 ఏళ్లయింది. బీపీ ఉంది, మోకాళ్ల నొప్పులున్నాయి. ఈమధ్య పొద్దున పదకొండింటప్పుడు చెమటలు పట్టి చేతులు వణుకుతున్నాయి, ఏదైనా తింటే గానీ ఆ నీరసం తగ్గడం లేదు. ఇన్నాళ్లూ ఒకే ఫ్యామిలీ డాక్టర్‌కు చూపిస్తున్నాం. పోయిన నెల ఆయన ‘ఇకమీదట నెలకోసారి మా క్లినిక్‌లో ఫార్మసిస్టును కలవండి, నా దగ్గరికి మూడు నెలలకోసారి వస్తే చాలు’ అన్నారు. ఆ ఫార్మసిస్టు ఇంట్లో ఉన్న మందులన్నీ సంచిలో వేసుకుని రమ్మంది. ముప్పావుగంట కూర్చోబెట్టి ఏవేవో అడిగింది. తర్వాత లోపలికి వెళ్లి డాక్టర్‌తో మాట్లాడింది. చివరికి గ్లిమెపిరైడ్ 4 మిల్లీగ్రాముల నుంచి 1కి తగ్గించారు. మెట్‌ఫార్మిన్ రోజుకు 2,500 నుంచి 1,000కి దించారు. డాపాగ్లిఫ్లోజిన్ అనే కొత్త మాత్ర కలిపారు. మోకాళ్లకు అమ్మ కొనుక్కుని వేసుకునే డైక్లోఫెనాక్ మానేయమన్నారు. షుగర్ పరీక్ష హెచ్‌బీఏ1సీ 8.6 ఉంది, కిడ్నీ పరీక్ష ఈజీఎఫ్ఆర్ 42. షుగర్ ఇంత ఎక్కువున్నప్పుడు మాత్రలు తగ్గించడమేంటి? అమ్మయితే ‘డాక్టర్ నన్ను వదిలించుకుని మాత్రలు లెక్కపెట్టే పిల్లకు అప్పగించాడు’ అని ఒకటే బాధ. ఇక వెళ్లనంటోంది. పైగా రాత్రి మాత్ర నెలల తరబడి వేసుకోవడం లేదని ఆ అమ్మాయికి చెప్పిందట. నాకు ఎప్పుడూ చెప్పలేదు. రేపు డాక్టరూ ఫార్మసిస్టూ చెరోమాట చెబితే మేం ఎవరి మాట వినాలి? చాలా టెన్షన్‌గా ఉంది. పాత చీటీల ఫోటోలు జతచేశాను. – ఓ కూతురు

సమాధానం: అమ్మా, మీరు పంపిన చీటీలు రెండూ చూశాను. మీ అమ్మగారి విషయంలో జరిగింది మంచి పనే. నేనైనా దాదాపు అదే చేసేవాణ్ని. కాకపోతే నా కంట పడేసరికి ఇంకో ఆరు నెలలు పట్టేదేమో. ఎందుకో చెబుతాను, కాస్త ఓపిగ్గా చదవండి.

మొదటి చీటీ మీ ఫ్యామిలీ డాక్టర్ రాసింది. అందులో పొద్దున గ్లిమెపిరైడ్ 2 మిల్లీగ్రాములు, పొద్దునా రాత్రీ మెట్‌ఫార్మిన్ 1,000 ఉన్నాయి. రెండోది ఆరు నెలల క్రితం జ్వరం వచ్చి వేరే ఆసుపత్రిలో చేరినప్పుడు ఇంటికి పంపిస్తూ రాసిచ్చింది. దాంట్లో పొద్దున వేసుకోవాల్సిన మాత్ర ఒకటి ఉంది. అట్ట మీద పెద్ద అక్షరాల్లో ఏదో కంపెనీ పేరు. కింద చీమ తలకాయంత అక్షరాల్లో గ్లిమెపిరైడ్ 2, మెట్‌ఫార్మిన్ 500. అంటే అదే రెండు మందులు ఒకే మాత్రలో కలిపి ఇచ్చారు. ఆసుపత్రి వాళ్లు పాత మాత్రల బదులు అది వాడమన్నారో, వాటితో పాటు వాడమన్నారో చీటీలో లేదు. మీ అమ్మగారు రెండూ వాడారు. రంగు వేరు, అట్ట వేరు, పేరు వేరు కాబట్టి మందూ వేరే అనుకున్నారు. ఎవరైనా అలాగే అనుకుంటారు. ఫ్యామిలీ డాక్టర్ తన దగ్గరున్న కాగితం చూసి 2 మిల్లీగ్రాములే అనుకున్నారు. ఆరు నెలలుగా ఆమె ఒంట్లోకి రోజూ 4 వెళ్తోంది.

మీరే రాశారు, పొద్దున పదకొండు గంటలప్పుడు అమ్మకు చెమటలు పట్టి, చేతులు వణికి, ఏదో ఒకటి తింటే గానీ తగ్గడం లేదని. మీరు దాన్ని నీరసం అన్నారు. అది లో షుగర్. గ్లిమెపిరైడ్ క్లోమాన్ని పిండి ఇన్సులిన్ బయటికి తెప్పిస్తుంది. ఆ సమయంలో రక్తంలో చక్కెర ఎక్కువుందా తక్కువుందా అన్నది దానికి అనవసరం. పొద్దున వేసుకున్న రెండు మాత్రలు రెండు మూడు గంటలకు గట్టిగా పనిచేస్తాయి, అప్పటికి తిన్నది అరిగిపోతుంది, చక్కెర జారిపోతుంది. కిడ్నీ మందగించిన వాళ్లలో ఈ మందు త్వరగా బయటికి పోదు కాబట్టి ప్రమాదం ఇంకా ఎక్కువ.

‘మరి 8.6 ఎలా వచ్చింది?’ అంటారు. మీ ప్రశ్నకు కీలకం ఇక్కడే ఉంది. హెచ్‌బీఏ1సీ అంటే గడచిన రెండు మూడు నెలల సగటు. 8.6 అంటే చక్కెర సగటున 200 దగ్గర ఉందని లెక్క. కానీ రోజంతా 200 ఉన్నా సగటు 200 వస్తుంది. పదకొండింటికి 60, రాత్రి 340 ఉన్నా వాటి సగటు 200 అవుతుంది. రిపోర్టు కాగితం మీద రెండూ ఒకేలా కనిపిస్తాయి, మనిషి పడే అవస్థ మాత్రం ఒకటి కాదు. మీ అమ్మగారిది రెండో రకం అని నా అనుమానం. పదకొండింటికి చక్కెర పడిపోతుంది, భయంతో చేతికందిన తీపి తింటారు, మధ్యాహ్నానికి పైకి లేస్తుంది. రాత్రి మాత్ర వేసుకోవడం లేదు కాబట్టి తెల్లవార్లూ పైనే ఉంటుంది. అలాంటప్పుడు 8.6 చూసి గ్లిమెపిరైడ్ ఇంకాస్త పెంచితే ఏమవుతుంది? పదకొండింటికి 60 కాస్తా 45 అవుతుంది. ఆ వయసులో అలా కళ్లు తిరిగి పడి తుంటి ఎముక విరిగితే, ఆ దెబ్బ షుగర్ కంటే పెద్దది.

రాత్రి మాత్ర సంగతి. చీటీ రాసే ప్రతి డాక్టరూ ఏదో ఒకరోజు పడే గొయ్యి ఇది. రిపోర్టులో చక్కెర ఎక్కువ కనిపిస్తుంది. రోగిని ‘మాత్రలు సరిగా వేసుకుంటున్నారా?’ అని అడుగుతాం. ‘వేసుకుంటున్నానండి’ అంటారు. డాక్టర్ ముందు కూర్చుని లేదనే ధైర్యం ఎంతమందికి ఉంటుంది? సరే, మందు చాలడం లేదనుకుని ఇంకోటి రాస్తాం. అసలు జరిగేదేమో మందు పనిచేయకపోవడం కాదు, లోపలికే వెళ్లకపోవడం. ఫార్మసిస్టుకు ఇది తొందరగా దొరుకుతుంది, ఆమె దగ్గర లెక్క ఉంటుంది మరి. ముప్పై రోజుల మాత్రలు యాభై రోజులు వస్తున్నాయంటే ఎక్కడో ఏదో తేడా ఉంది. ఆ అమ్మాయి మీ అమ్మగారిని ‘వేసుకుంటున్నారా’ అని అడిగి ఉండదు. ‘రాత్రి మాత్ర వేసుకుంటే ఏమైనా ఇబ్బందిగా ఉంటుందా?’ అని అడిగి ఉంటుంది. ఆ ప్రశ్నకు మనుషులు నిజం చెబుతారు.

ఎందుకు మానేశారో మీరు రాయలేదు. బహుశా కడుపు ఉబ్బరమో విరేచనాలో అయి ఉంటాయి. మెట్‌ఫార్మిన్‌తో ఇది చాలా మామూలు. భోజనం మధ్యలోనో చివరనో వేసుకుంటే, నెమ్మదిగా కరిగే రకానికి మారిస్తే చాలామందిలో సర్దుకుంటుంది. ఒక మాట: ఆ నెమ్మదిగా కరిగే మాత్రను విరగ్గొట్టకూడదు, నలపకూడదు. ఒక్కోసారి దాని ఖాళీ పెంకు మలంలో కనిపిస్తుంది. అది చూసి మాత్ర అలాగే బయటికొచ్చేసిందని కంగారుపడి మానేసినవాళ్లను నేను చూశాను. మందు లోపలే దిగిపోయి ఉంటుంది, పైతొడుగు మాత్రం వస్తుంది.

ఇక ఈజీఎఫ్ఆర్ 42. కిడ్నీలు రక్తాన్ని ఎంత చురుగ్గా వడగడుతున్నాయో చెప్పే అంకె అది. మెట్‌ఫార్మిన్ కిడ్నీకి హాని చేయదు, చాలామంది చేస్తుందనుకుంటారు. కాకపోతే అది కిడ్నీ గుండానే బయటికి పోవాలి. దారి ఇరుకైతే ఒంట్లో పోగుపడుతుంది. అందుకే ఈజీఎఫ్ఆర్ 45 కంటే తగ్గితే మోతాదు సగానికి దించుతాం, 30 కంటే తగ్గితే ఆపేస్తాం. 42 ఉన్న మనిషికి 2,500 చాలా ఎక్కువ. రాత్రిది మానేసినా పొద్దున 1,500 వెళ్తూనే ఉంది. 1,000కి దించడం సరైన పనే. ఈ మందు ఏళ్ల తరబడి వాడేవాళ్లలో బీ12 విటమిన్ తగ్గుతుంది కూడా. మీ అమ్మగారి పాదాల్లో తిమ్మిర్లుంటే అవి షుగర్ వల్లేనని తేల్చేసుకోకుండా ఒకసారి బీ12 పరీక్ష గురించి అడగండి.

డైక్లోఫెనాక్ గురించి పెద్దగా చెప్పేదేం లేదు. 42 ఉన్న కిడ్నీకి, అందులోనూ బీపీ మాత్రలు వాడే మనిషికి, ఆ రకం నొప్పి మాత్రలు మంచివి కావు. బీపీని కూడా పెంచుతాయి. చీటీ లేకుండా కొనుక్కున్న మందు కాబట్టి అది డాక్టర్ కాగితంలో ఎక్కడా లేదు. సంచి బల్ల మీద బోర్లిస్తే గానీ బయటపడలేదు. నొప్పికి బదులుగా ఏది వాడాలో అడిగి రాయించుకోండి. నొప్పి తగ్గే దారి చూపించకుండా మాత్ర ఒక్కటే లాక్కుంటే ఆవిడ మళ్లీ అదే కొనుక్కుంటారు. ఎవరైనా మోకాలికి స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇస్తామంటే ముందే ఫార్మసిస్టుకు చెప్పండి. ఆ ఇంజెక్షన్ తర్వాత కొన్ని రోజులు చక్కెర బాగా పెరుగుతుంది. ఆ సంగతి తెలియకపోతే ఆ రోజుల అంకెలు చూసి అందరూ హడలిపోతారు.

కొత్త మాత్ర డాపాగ్లిఫ్లోజిన్ చక్కెరను మూత్రంలోకి పంపిస్తుంది. కిడ్నీ ఈ స్థాయిలో ఉన్నప్పుడు చక్కెరను దించడంలో దాని బలం కాస్త తక్కువే, కానీ కిడ్నీ ఇంకా పాడవకుండా కాపాడే గుణం ఉంది. మీ డాక్టర్ దాన్ని ఎంచుకోవడానికి కారణం అదే అయి ఉండాలి. మొదటి వారాల్లో ఈజీఎఫ్ఆర్ రెండు మూడు అంకెలు పడినా బెదిరిపోకండి, అది ఊహించిందే. మూత్రంలో చక్కెర ఉంటుంది కాబట్టి జననాంగాల దగ్గర దురద, ఫంగస్ రావచ్చు. శుభ్రంగా కడుక్కుని పొడిగా ఉంచుకోవాలని చెప్పండి. ఈ విషయం ఆవిడ డాక్టర్‌తో చెప్పుకోవడానికి సిగ్గుపడొచ్చు. అమ్మాయే కాబట్టి ఫార్మసిస్టుతో చెప్పగలరేమో.

ఇది మాత్రం గుర్తుపెట్టుకోండి. వాంతులు, విరేచనాలు పట్టుకున్న రోజు, జ్వరంతో తిండీ నీళ్లూ సయించని రోజు డాపాగ్లిఫ్లోజిన్, మెట్‌ఫార్మిన్ తాత్కాలికంగా ఆపాలి. బీపీ మాత్రల్లో కూడా కొన్నింటిని ఆపమంటారు. ఆవిడది ఆ రకమో కాదో ఇప్పుడే అడిగి కాగితం మీద రాయించుకోండి. ఒంట్లో బాగాలేని రోజు ఫోన్లు చేస్తూ కూర్చోవాల్సిన పని ఉండదు. ఏదైనా ఆపరేషన్ ఉంటే కనీసం మూడు రోజుల ముందు నుంచి డాపాగ్లిఫ్లోజిన్ ఆపాలి. చాలా అరుదుగా ఈ మందు వాడేవాళ్లలో రక్తం ఆమ్లంగా మారిపోయే ప్రమాదం వస్తుంది. మీటర్‌లో చక్కెర అంత ఎక్కువ కనిపించకపోవచ్చు, అదే దీంతో వచ్చే చిక్కు. కడుపునొప్పి, ఆగని వాంతులు, ఆయాసంగా వేగంగా ఊపిరి పీల్చడం కనిపిస్తే మీటర్ అంకె బాగుంది కదా అని ఊరుకోకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ఇప్పుడు మీ అమ్మగారి బాధకు వద్దాం. డాక్టర్ తనను వదిలించుకున్నారని కదా ఆవిడ మాట.

మూడు నెలలంటే రెండు వేల గంటల పైచిలుకు. అందులో డాక్టర్ ముందు కూర్చునేది పది నిమిషాలు. ఆ పది నిమిషాల్లోనే బీపీ చూడాలి, పాదాలు చూడాలి, రిపోర్టులు చదవాలి, మోకాళ్ల గురించి వినాలి, చీటీ రాయాలి. బయట ఇంకో ముప్పై మంది. సంచిలో మందులన్నీ బల్ల మీద పోసి ఒక్కో అట్ట తిప్పి చదివే తీరిక మాకు ఉండదు. ఉన్నా మాలో చాలామందికి ఆ అలవాటు లేదు, ఒప్పుకోవాలి.

నా సంగతే చెబుతాను. చాలా ఏళ్ల కిందట మూత్రంలో ఇన్‌ఫెక్షన్‌తో వచ్చిన ఒక పెద్దాయనకు కోట్రైమాక్సజోల్ అనే యాంటీబయాటిక్ రాశాను. ఆయన షుగర్‌కు మీ అమ్మగారిలాగే గ్లిమెపిరైడ్ వాడుతున్నారు. ఆ రెండూ కలిస్తే చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. పాఠంలో చదువుకున్నదే, పరీక్షలో రాసిందే. ఆ రోజు తట్టలేదు. మందుల కౌంటర్ నుంచి ఫార్మసిస్టు ఫోన్ చేసి ‘సార్, ఈయన గ్లిమెపిరైడ్ మీద ఉన్నారు, వేరే యాంటీబయాటిక్ రాస్తారా?’ అని అడిగాడు. మొదట వచ్చింది కోపం. రెండు నిమిషాల తర్వాత మందు మార్చాను. కోపం వచ్చినందుకు సిగ్గుపడటానికి మాత్రం ఇంకా చాలా కాలం పట్టింది. మీ డాక్టర్ గారు ఆ అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకున్నారంటే, నాకంటే ముందే ఆ పాఠం నేర్చుకున్నారన్నమాట.

ఇదేదో ఒక క్లినిక్‌లో పుట్టిన వింత ఏర్పాటు కూడా కాదు. 1996లో అమెరికాలోని నార్త్ కరోలినాలో ఆష్‌విల్ అనే ఊరి నగరపాలక సంస్థ, షుగర్ ఉన్న తన ఉద్యోగులు క్రమం తప్పకుండా ఫార్మసిస్టును కలిసే ఏర్పాటు చేసింది. కలుస్తూ ఉన్నవాళ్లకు మందులకయ్యే సొంత ఖర్చు మాఫీ చేసింది. వాళ్ల హెచ్‌బీఏ1సీ తగ్గింది. విచిత్రం ఏంటంటే, మాత్రలు సరిగా వాడటం మొదలుపెట్టేసరికి మందుల ఖర్చు పెరిగింది, మొత్తం వైద్యం ఖర్చు తగ్గింది. బ్రిటన్‌లో 2006 నుంచే ప్రత్యేక శిక్షణ పొందిన ఫార్మసిస్టులు స్వయంగా మందులు రాయగలుగుతున్నారు. 2015లో అక్కడి ఫ్యామిలీ డాక్టర్ల క్లినిక్‌లలో వాళ్లను నియమించే ప్రయోగం కూడా మొదలైంది. ఎక్కడైనా ఇది డాక్టర్ కుర్చీలో ఇంకొకరిని కూర్చోబెట్టడం కాదు, ఆ పక్కన ఇంకో కుర్చీ వేయడం.

అయితే ఆ పక్క కుర్చీకి హద్దులుంటాయి, అవి మీకు తెలిసి ఉండాలి. మందులన్నీ కలిపి చూడటం, ఒకదానితో ఒకటి పడుతుందా లేదా చెప్పడం, మీటర్ సరిగా వాడుతున్నారా చూడటం, ఇన్సులిన్ మొదలుపెడితే ఎక్కడ ఎలా గుచ్చుకోవాలో నేర్పడం, నెలనెలా అంకెలు చూసి డాక్టర్‌తో ముందే రాసుకున్న పద్ధతి ప్రకారం మోతాదు సర్దడం ఆమె పని. కొత్త జబ్బును కనిపెట్టడం ఆమె పని కాదు. కాలికి మానని పుండు, ఛాతీలో నొప్పి, ఉన్నట్టుండి చూపు మసకబారడం, ముఖమో చేయో ఒకవైపు లాగేయడం, ఇలాంటివి వస్తే నెలవారీ అపాయింట్‌మెంట్ కోసం చూడకూడదు, నేరుగా డాక్టర్, అవసరమైతే ఎమర్జెన్సీ. ఏడాదికోసారి కంటి పరీక్ష, పాదాల పరీక్ష, మూత్రంలో అల్బుమిన్ పరీక్ష కూడా డాక్టర్ చూడాల్సినవే. ఫార్మసిస్టును కలుస్తున్నాం కదా అని అవి జారిపోయే ప్రమాదం ఉంది. ఎప్పుడు చేయించారో ఒకసారి తేదీలు చూసుకోండి.

ఇద్దరూ చెరోమాట చెబితే? మీ ఉత్తరంలో నాకు బాగా నచ్చిన ప్రశ్న ఇది. ఫార్మసిస్టు ఏ మార్పు చెప్పినా ఒకే ఒక్క మాట అడగండి: ‘డాక్టర్ గారికి చెప్పారా, ఆయన ఏమన్నారు?’ డాక్టర్ మార్పు చెబితే అదే మాట తిప్పి అడగండి: ‘ఫార్మసిస్టుకు తెలుసా?’ బాగా నడిచే క్లినిక్‌లో ఈ ప్రశ్నకు వెంటనే జవాబు వస్తుంది. తడబడ్డారంటే మీరు అడగడం మంచిదైంది. తేలేవరకు డాక్టర్ చివరిసారి రాసిన చీటీ ప్రకారం వాడండి. లో షుగర్ లక్షణాలు, వాంతుల్లాంటివి ఉంటే మాత్రం తేలేవరకు ఆగొద్దు, వెంటనే ఫోన్ చేయండి. ఇద్దరిలో ఎవరి మీద అలిగినా మీ అమ్మగారు తనంతట తాను మాత్ర ఆపకూడదు.

ఇంకో విషయం, ఇది కొంచెం కటువుగా ఉంటుంది. ఆ అమ్మాయి జీతం క్లినిక్ ఇస్తోందా, లేక ఆమె అమ్మే మందుల మీద ఆమె ఆదాయం ఉందా? అడగడానికి మొహమాటపడకండి. మాత్రలు తగ్గించిన మనిషి కాబట్టి ఈమె మీద నాకు అనుమానం లేదు. కానీ ఎప్పుడైనా ఎవరైనా చీటీలో లేని పొడులు, ‘షుగర్‌ను వేళ్లతో సహా పీకేసే’ టానిక్కులు అంటగట్టబోతే అది వేరే వ్యాపారం.

అమ్మగారిని మళ్లీ ఎలా పంపించాలి? ‘డాక్టర్‌కు టైం లేదమ్మా’ అని మాత్రం అనకండి. ఆవిడ భయపడుతున్నది సరిగ్గా దానికే. డాక్టర్‌కే ఫోన్ చేసి, తర్వాతిసారి వెళ్లినప్పుడు ఒక ఐదు నిమిషాలు ముగ్గురూ కలిసి కూర్చునేలా చూడమనండి. ఆయన తన నోటితో, ఆ అమ్మాయి ముందే, ‘ఈమె చెప్పేది నాకు రోజూ తెలుస్తూనే ఉంటుంది, మీ చీటీ మీద సంతకం నాదే’ అంటే చాలు. పదహారేళ్లుగా నమ్మిన మనిషి చెప్పాలి ఆ మాట. మీరు చెప్పినా నేను చెప్పినా పనిచేయదు.

రాత్రి మాత్ర సంగతి మీకు చెప్పలేదని బాధపడుతున్నారు. ఆవిడ ఎందుకు చెప్పలేదో మీకు తెలుసు, చెబితే మీరు కోప్పడతారు. తిట్టడం ప్రేమతోనే అయినా తిట్టు తిట్టే. బయటి మనిషి కాబట్టే ఆ అమ్మాయికి చెప్పగలిగారు. దయచేసి ఇంటికెళ్లి ‘నాకెందుకు చెప్పలేదు’ అని మొదలుపెట్టకండి. మొదలుపెడితే ఈసారి ఆ అమ్మాయికి కూడా చెప్పరు.

ఈ నెలలో మీరు చేయాల్సింది ఎక్కువేం లేదు. మీటర్‌తో కొన్ని రోజులు పొద్దున లేవగానే, పదకొండింటికి, రాత్రి పడుకునే ముందు చూసి రాయండి. చూసే ముందు చేతులు సబ్బుతో కడుక్కుని తుడుచుకోమనండి, వేలికి తీపి అంటుకుని ఉంటే అంకె అబద్ధం చెబుతుంది. స్ట్రిప్పుల గడువు తేదీ కూడా చూడండి. 70 కంటే తక్కువ వస్తే మూడు నాలుగు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించి, పావుగంటకు మళ్లీ చూడండి. లేవకపోతే మళ్లీ ఇవ్వండి, లేచాక ఏదైనా తినిపించండి. గ్లిమెపిరైడ్ వల్ల పడిన చక్కెర ఒకసారి లేచినా గంటల తర్వాత మళ్లీ పడొచ్చు కాబట్టి ఆ రోజంతా ఓ కన్నేసి ఉంచండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. గ్లిమెపిరైడ్ ఇప్పుడు 1కి తగ్గింది కాబట్టి ఇంత దూరం రాదనే నా నమ్మకం. ఒకవేళ పదకొండింటికి ఇంకా పడుతూనే ఉంటే నెల ఆఖరుదాకా ఆగకండి, ఆ 1 కూడా అవసరమా అని అడగండి.

మందు తగ్గించాక మొదటి వారాల్లో పగటి అంకెలు కొంచెం పెరగొచ్చు, 180, 200 కనిపించవచ్చు. అది చూసి పాత మాత్ర డబ్బాలోంచి తీసి వేసుకోవాలనిపిస్తుంది ఆవిడకు. అందుకే ఆసుపత్రి వాళ్లిచ్చిన ఆ కలిపిన మాత్ర ఇంట్లో మిగిలి ఉంటే ఫార్మసిస్టుకు తిరిగి ఇచ్చేయండి. ఈ వయసులో, కిడ్నీ ఇలా ఉండి, లో షుగర్ వస్తున్న మనిషికి హెచ్‌బీఏ1సీ 6.5కి దించాలని పట్టుబట్టక్కర్లేదు. మీ డాక్టర్ బహుశా 7.5కీ 8కీ మధ్య ఎక్కడో పెట్టుకుని ఉంటారు. అంకె ఎంతో ఆయన్నే అడిగి, ఆ అమ్మాయి దగ్గర కూడా అదే రాసి ఉందో లేదో చూడండి. ఇద్దరి మనసులో రెండు అంకెలుంటే నలిగేది మీ అమ్మగారే.

తర్వాతిసారి వెళ్లేటప్పుడు కూడా సంచి తీసుకెళ్లండి. కళ్లలో వేసుకునే చుక్కలు, మోకాళ్లకు రాసుకునే ఆయింట్‌మెంట్, ఎవరో చుట్టం ఇచ్చిన పొడి ఉంటే అదీ వేయండి. ఆవిడ దిండు కింద దాచుకున్న డైక్లోఫెనాక్ అట్ట ఒకటి ఉండే ఉంటుంది, దాన్ని ఆవిడ చేతే వేయించండి.